పద్నాలుగో పెట్టె

మా ఇంట్లో ప్రతి వస్తువుకీ రెండు చిరునామాలు ఉంటాయి. ఒకటి ఇప్పుడు అది ఉన్న అలమర. రెండోది బదిలీ వచ్చినప్పుడు అది వెళ్ళే అట్టపెట్టె నంబరు. నాన్నగారిది కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో అకౌంట్స్ ఉద్యోగం. నేను పుట్టాక సికింద్రాబాద్, నాగ్‌పూర్, భువనేశ్వర్, విశాఖపట్నం అయ్యాయి. ఇప్పుడు రాయ్‌పూర్. ఈ పత్రిక చదివే మీ అందరికీ ఇలాంటి వరస ఒకటి ఉండే ఉంటుంది కాబట్టి దాని గురించి ఎక్కువ చెప్పను.

పెట్టెల లెక్క అమ్మది. అందుకోసం ఒక పొడుగాటి లెక్కల పుస్తకం ఉంది. అట్ట ఊడిపోతే గుడ్డ అంటించింది. పేజీకొక పెట్టె. పైన నంబరు, కింద అందులో ఉన్నవి. ఏదైనా వస్తువును ఒక పెట్టెలోంచి తీసి ఇంకో దాంట్లో పెడితే, పాత పేజీలో దాని మీద ఒక గీత కొట్టి పక్కన బాణం వేసి కొత్త నంబరు రాస్తుంది. కొట్టేస్తుందే తప్ప ఎప్పుడూ చెరపదు. నాగ్‌పూర్‌లో నేను చిన్నప్పుడు రబ్బరుతో ఒక పేరు చెరిపేస్తే వీపు మీద ఒకటి పడింది. ఎందుకో అప్పుడు నాకు అర్థం కాలేదు.

ఒకటో నంబరు పెట్టె ఎప్పుడూ ఒక్కటే. కొత్త ఇంట్లో మొదట తెరిచేది అదే. పాలగిన్నె, టీపొడి, చక్కెర, దీపపు కుందె, అగ్గిపెట్టె, మందుల డబ్బా, తమ్ముడి నెబ్యులైజర్. తమ్ముడికి ఉబ్బసం ఉంది. దుమ్ము పడదు.

తొమ్మిదో తరగతిలో ఏఐ సబ్జెక్టు తీసుకున్నాను. అందులో పైథాన్ మొదలైంది. కంప్యూటర్ అంటే అంతవరకూ నాకు పెయింట్, పవర్‌పాయింట్, అంతే. పైథాన్‌తో పాటు వచ్చే ఐడిల్ అనే కిటికీ తెరిస్తే >>> అని మూడు బాణాలు కనిపించాయి. పక్కన 2 + 3 అని కొడితే కింద 5 అని వచ్చేసింది. మళ్ళీ మూడు బాణాలు. అడిగితే చెప్తుంది, చెప్పి మళ్ళీ అడగమంటుంది. దీన్ని షెల్ అంటారు. ప్రోగ్రాం అంతా రాసి, ఒకేసారి నడిపి, తప్పు ఎక్కడుందో వెతుక్కునే పద్ధతి కంటే నాకు ఇదే నచ్చింది. ఒక వాక్యం కొట్టు, ఏమైందో చూడు, ఇంకో వాక్యం కొట్టు. పక్కన కూర్చుని మాట్లాడినట్టే ఉంటుంది.

ఇంకో సంగతి కూడా అప్పుడే తెలిసింది. పైథాన్‌లో పేర్లు తెలుగులో పెట్టుకోవచ్చు. 2008లో వచ్చిన పైథాన్ 3 నుంచి ఈ వీలు ఉంది. డెఫ్, ఇఫ్, ఫర్ లాంటి దాని సొంత మాటలు ఇంగ్లీషులోనే కొట్టాలి. కానీ మనం పెట్టే పేరు పెట్టె కావచ్చు, బరువు కావచ్చు. మా బడిలో తెలుగు లేదు. నాకు తెలుగు రాయడం అమ్మ నేర్పిందే, ఈ వ్యాసంలో ఒత్తులు కూడా తనే దిద్దింది. అలాంటిది కంప్యూటర్ నా తెలుగు పేరును గుర్తుపట్టి జవాబు చెప్పడం చూసి ఆ రోజంతా ఎగిరాను.

పదో తరగతి పరీక్షలు అయిపోయాయి. విశాఖపట్నంలో ఎండలు. నాన్నగారికి రాయ్‌పూర్ ఆర్డరు వచ్చింది. అమ్మ పుస్తకం తీయబోతుంటే నేనే అడ్డం పడ్డాను. ఈసారి లెక్క నా లాప్‌టాప్‌లో ఉంటుందని చెప్పాను.

"ఏమే, పుస్తకం రాయద్దా మరి?"

"వద్దమ్మా. పేరు కొడితే చాలు, ఏ పెట్టెలో ఉందో అదే చెప్తుంది."

అమ్మ నమ్మింది. ఇన్ని బదిలీల్లో ఆ పుస్తకం తెరవకుండా సామాను సర్దడం అదే మొదటిసారి.

నా ప్రోగ్రాం పెద్దదేమీ కాదు. పెట్టెలు అనే ఒక డిక్షనరీ. 1 నుంచి 23 వరకు నంబర్లు, ఒక్కో నంబరుకు ఒక ఖాళీ జాబితా. చేర్చు అనే ఫంక్షన్‌కి నంబరు, వస్తువు ఇస్తే అందులో వేస్తుంది. వెతుకు అంటే నంబరు చెప్తుంది. మార్చు అంటే ఒక పెట్టెలోంచి తీసి, మళ్ళీ చేర్చునే పిలిచి, ఇంకో దాంట్లో వేయిస్తుంది. భద్రం అంటే మొత్తం లెక్కను ఒక టెక్స్ట్ ఫైల్లో రాస్తుంది. ఇవన్నీ ఒక ఫైల్లో రాసి ఎఫ్5 నొక్కాను. ఎఫ్5 నొక్కితే ఐడిల్ షెల్‌ను కొత్తగా మొదలుపెట్టి, ఫైల్లో ఉన్న నిర్వచనాలన్నీ చదివి, మళ్ళీ మూడు బాణాలు చూపిస్తుంది. అక్కడినుంచి షెల్‌లోనే పని.

మొదటి రోజే ఒక తప్పు బయటపడింది. చేర్చు ఫంక్షన్‌లో నేను ఇలా రాశాను:

పెట్టెలు[సంఖ్య] = [వస్తువు]

అంటే కొత్త వస్తువు వేసినప్పుడల్లా పెట్టెలో పాతవన్నీ పోయి ఆ ఒక్కటే మిగులుతుంది. రెండో వస్తువు వేయగానే కనిపెట్టాను. వెంటనే మూడు బాణాల పక్కనే ఆ ఫంక్షన్‌ను మళ్ళీ నిర్వచించాను:

పెట్టెలు[సంఖ్య] = పెట్టెలు[సంఖ్య] + [వస్తువు]

సరిగ్గా పనిచేసింది. నాకు చాలా గర్వంగా అనిపించింది. ఫైలు తెరవక్కర్లేదు, ఏదీ మళ్ళీ నడపక్కర్లేదు, నడుస్తున్న ప్రోగ్రాంను నడుస్తుండగానే బాగుచేశాను. ఫైల్లో మాత్రం పాత వాక్యం అలాగే ఉండిపోయింది. తర్వాత మార్చుదాం అనుకున్నాను. ఆ తర్వాత అనేది రాలేదు, ఎందుకంటే రెండు వారాల పాటు ఆ అవసరమే రాలేదు. లాప్‌టాప్ మూత వేయడం, తీయడం, అంతే. షెల్ అలాగే తెరిచి ఉండేది. అమ్మ వంటింట్లోంచి "స్టీలు డబ్బాలు ఆరులో" అని కేకేస్తే నేను కొట్టేదాన్ని. వెతుకు అంటే టక్కున నంబరు చెప్పేది.

ఆఖరి రాత్రి తమ్ముడు సాయం చేద్దామని నా చార్జర్ కూడా సర్దేశాడు. పాత బ్యాటరీ. ఇరవై శాతం చూపిస్తూనే ఆగిపోయింది. పదకొండో పెట్టె టేపు కోసి చార్జర్ బయటికి తీసేసరికి పన్నెండు దాటింది. లాప్‌టాప్ మళ్ళీ వెలిగింది. షెల్ లేదు. కంగారేమీ పడలేదు, లెక్క టెక్స్ట్ ఫైల్లో భద్రంగా ఉంది కదా. నా ఫైలు తెరిచి ఎఫ్5 నొక్కాను. పాత లెక్క చదివించాను. అన్నీ ఉన్నాయి. మిగిలిన సామాను ఎక్కించడం మొదలుపెట్టాను.

ఆ రాత్రే ఒకటో పెట్టెలో చోటు చాలలేదు. నెబ్యులైజర్ పట్టడం లేదు. విశాఖలో ఏడాదిగా తమ్ముడికి దాని అవసరం రాలేదు. ఇంకో పెట్టెలో పెట్టేద్దామన్నాను. అమ్మ ఒక్క క్షణం ఆగింది. "లిస్టులో ఉంటుంది కదమ్మా" అన్నాను. ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. దాని తర్వాత ఇస్త్రీ పెట్టె, దుప్పట్లు, ఇడ్లీ రేకులు, తలుపు పక్క చెప్పులు. అన్నీ కొట్టాను. ఒక్క ఎర్ర అక్షరం రాలేదు. ఏ తప్పూ చూపలేదు. భద్రం అని కొట్టి పడుకున్నాను.

మేం రైల్లో వచ్చాం. విజయనగరం, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా రాయ్‌పూర్. సామాను లారీలో వచ్చింది. క్వార్టర్ ఇంకా ఖాళీ కాలేదని భన్‌పురిలో అద్దె ఇల్లు తీసుకున్నాం. బిలాస్‌పూర్ వెళ్ళే రోడ్డుకు దగ్గర. రాత్రంతా లారీలు పోతూనే ఉంటాయి. ఉర్లా, సిల్తరా వైపు ఇనుము ఫ్యాక్టరీలు. పొద్దున్న కిటికీ గూట్లో వేలు పెడితే నల్లగా అంటుకుంటుంది. అప్పుడు జూన్ మొదటి వారం, వానలు రాలేదు. ఇల్లు చాలాకాలం మూసి ఉండడంతో ఊడ్చేసరికి దుమ్ము గాల్లో నిలబడిపోయింది.

రాత్రి పది దాటాక తమ్ముడికి మొదలైంది. ముందు దగ్గు, తర్వాత పిల్లికూతలు. భుజాలు పైకెత్తి గాలి పీల్చుకుంటున్నాడు. మీ ఇంట్లో ఎవరికైనా ఉబ్బసం ఉంటే ఆ భుజాలు చూడగానే మీకు తెలిసిపోతుంది. అమ్మ నా వైపు తిరిగి "ఎందులో ఉంది?" అంది. అరవలేదు, మామూలుగా అడిగింది.

లాప్‌టాప్ తెరిచి వెతుకు అని కొట్టాను. ఏ పెట్టెలోనూ లేదు అని వచ్చింది. స్పెల్లింగ్ మార్చి కొట్టాను. లేదు. మొత్తం జాబితా చూశాను. లేదు. నా చేతులతో నేనే పెట్టాను, కానీ ఒంటిగంట రాత్రి ఏ పెట్టెలో పెట్టానో ఎంత గింజుకున్నా గుర్తు రాలేదు. ముందు గదిలో ఇరవై మూడు పెట్టెలు ఒకదాని మీద ఒకటి కప్పుదాకా ఉన్నాయి. నాన్నగారు చేతికందినదల్లా కోయడం మొదలుపెట్టారు. అమ్మ పాత పుస్తకం కూడా తెరిచింది. అందులో ఉన్నది విశాఖకు వచ్చినప్పటి లెక్క.

కింద వాటాలో ఇంటి ఓనరు ఆంటీ వాళ్ళుంటారు. అప్పటికి మాకు వాళ్ళ పేర్లు కూడా తెలియవు. చప్పుడు విని పైకి వచ్చారు. ఆవిడ తమ్ముణ్ణి ఒక్కసారి చూసి కొడుకును లేపారు. ఆ అన్నయ్య స్కూటర్ మీద, మధ్యలో తమ్ముడు, వెనక నాన్నగారు, ముగ్గురూ దగ్గర్లో ఉన్న క్లినిక్‌కి వెళ్ళారు. అక్కడ మందు పెట్టారు. పన్నెండున్నరకు తిరిగొచ్చారు. తమ్ముడు అలసిపోయి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నేను లాప్‌టాప్ ముందు ఏడుస్తున్నాను. వాడు నా పక్కకి జరిగి తెర చూస్తూ అన్నాడు:

"అక్కా, పద్నాలుగో పెట్టెలో ఇస్త్రీ పెట్టె ఒక్కటే ఉందా? అంత పెద్ద పెట్టెలోనా?"

చూశాను. ఐదులో ఒక్క వస్తువు. తొమ్మిదిలో ఒక్కటి. పద్నాలుగులో ఒక్కటి. పదిహేడులో ఒక్కటి. ఆఖరి రాత్రి నేను తెరిచిన పెట్టెలు ఆ నాలుగే. మిగతా అన్నింట్లో పది, పదిహేను పేర్లున్నాయి. పద్నాలుగో పెట్టె కోశాం. ఇస్త్రీ పెట్టె కింద, దుప్పటి మడతలో నెబ్యులైజర్ ఉంది.

ఏం జరిగిందో మీరు ముందే పట్టేసి ఉంటారు. నాకు మాత్రం ఆ రాత్రంతా పట్టింది. షెల్‌లో నేను దిద్దిన చేర్చు జ్ఞాపకంలో మాత్రమే ఉంది. లాప్‌టాప్ ఆగినప్పుడు దానితోపాటే పోయింది. ఎఫ్5 నొక్కగానే ఫైల్లోని పాత చేర్చు వచ్చింది. అదే పేరు, అదే వాడకం. బయటి నుంచి చూస్తే తేడా ఏమీ లేదు. లోపల మాత్రం కొత్త వస్తువు వేసినప్పుడల్లా పాతవి తుడిచేస్తోంది.

ఇక్కడ పదకొండులో కంప్యూటర్ సైన్స్ తీసుకున్నాను. ల్యాబ్‌లో ఒకసారి మా క్లాసు అబ్బాయి ఒకడు తన మార్కుల జాబితాకు లిస్ట్ అనే పేరే పెట్టాడు. కాసేపటికి పైథాన్ సొంత లిస్ట్ ఫంక్షన్ వాడబోతే అది పిలవదగ్గది కాదని తప్పు చూపించింది. వాడు ఆ వాక్యాన్నే పదిసార్లు కొట్టాడు, కంప్యూటర్ పాడైందన్నాడు. సార్ వచ్చి డెల్ అని కొట్టి ఆ పేరు తీసేయించారు. అసలు లిస్ట్ మళ్ళీ బయటికొచ్చింది. అప్పుడు సార్ బోర్డు మీద ఒక డబ్బా, దానికి వేలాడే చీటీ గీశారు. పైథాన్‌లో పేరు అంటే చీటీ. ఫంక్షన్‌ను మళ్ళీ నిర్వచిస్తే పాత డబ్బాను దిద్దడం కాదు, కొత్త డబ్బా చేసి చీటీని దానికి కట్టడం. పాత డబ్బాకు ఇంకే చీటీ లేకపోతే పైథాన్ దాన్ని పారేస్తుంది. అది ఒకప్పుడు ఉండేదని కూడా ఎక్కడా రాసుకోదు.

ఇంకో మాట కూడా చెప్పారు. ఒక ఫంక్షన్ ఇంకో ఫంక్షన్‌ను పేరుతో పిలిస్తే, ఆ పేరు ఇప్పుడు దేనికి కట్టి ఉందో పిలిచే క్షణంలోనే చూస్తుంది. అప్పుడు నా మార్చు గుర్తొచ్చింది. దాన్ని నేను ముట్టుకోలేదు, దాంట్లో తప్పేమీ లేదు. కానీ అది చేర్చును పిలుస్తుంది. చేర్చు పాతదైతే మార్చు కూడా తుడిచేస్తుంది. ఒక్క చీటీ మారితే దాని మీద ఆధారపడ్డవన్నీ మారిపోతాయి. షెల్‌లో ఒక్క ఫంక్షన్ దిద్ది మొత్తం ప్రోగ్రాంను బాగుచేయగలిగింది కూడా ఇందువల్లేనని తర్వాత అర్థమైంది.

జుపైటర్ నోట్‌బుక్ వాడేవాళ్ళు నవ్వకండి. అందులో ఇంకా సులువుగా మోసపోతాం. గడులు ఏ వరసలోనైనా నడపొచ్చు. ఒక గడిలో ఫంక్షన్ రాసి, నడిపి, గడిని చెరిపేసినా ఆ ఫంక్షన్ లోపల బతికే ఉంటుంది. తెర మీద లేని నిర్వచనంతో తెర మీద జవాబు వస్తుంది. గడి పక్కన బ్రాకెట్లో ఉండే అంకె ఏది ఎప్పుడు నడిచిందో చెప్తుంది. ఆ అంకెలు పైనుంచి కిందికి వరసగా లేకపోతే నేను ఆ జవాబు నమ్మను, మొత్తం మళ్ళీ మొదటినుంచి నడిపిస్తాను.

ఇది నాకొక్కదానికే వచ్చిన కష్టం కాదని లైబ్రరీ పీరియడ్‌లో చదువుతుంటే తెలిసింది. కెన్నెత్ ఐవర్సన్ తయారుచేసిన ఏపీఎల్ అనే భాష 1966లోనే ఐబీఎం కంప్యూటర్ల మీద ఇలా మాటకు మాట జవాబు చెప్పేది. అందులో పని ఆపేటప్పుడు నిర్వచనాలు, విలువలు అన్నీ కలిపి వర్క్‌స్పేస్ అని ఒక మూటగా దాచుకుని, మర్నాడు అదే మూట విప్పుకోవచ్చు. నాకు అలాంటిది ఉండి ఉంటే చార్జర్ పోయినా బతికిపోయేదాన్ని. ఇంకా నచ్చింది స్మాల్‌టాక్. 1970లలో అమెరికాలో జిరాక్స్ కంపెనీ పరిశోధన కేంద్రంలో అలన్ కే బృందం చేసిన భాష అది. అందులో మొత్తం జ్ఞాపకాన్ని ఇమేజ్ అని దాస్తారు. దాని పక్కనే ఛేంజెస్ అని ఇంకో ఫైలు ఉంటుంది. ఏ నిర్వచనం మార్చినా ఆ మార్పు ఆ ఫైలు చివర చేరుతుంది. పాతది అలాగే పైన ఉంటుంది. కంప్యూటర్ హఠాత్తుగా ఆగిపోయినా ఆ ఫైలు చూసి పోయిన మార్పులు తిరిగి తెచ్చుకోవచ్చు.

అది చదవగానే అమ్మ పుస్తకం గుర్తొచ్చింది. గీత, బాణం, కొత్త నంబరు. నా వీపు కూడా గుర్తొచ్చింది.

ఇప్పుడు నా పద్ధతి వేరు. షెల్‌లో ఆడుకోవడం మానలేదు, మానను కూడా. కానీ షెల్‌లో దిద్దిన నిర్వచనాన్ని ఆ కూర్చున్నప్పుడే ఫైల్లోకి ఎక్కిస్తాను. లేచే ముందు కంట్రోల్ ఎఫ్6 నొక్కి షెల్‌ను ఖాళీ చేస్తాను. డిర్ అని అడిగితే ఏ పేర్లు మిగిలాయో చెప్తుంది. నేను పెట్టినవేవీ ఉండకూడదు. అప్పుడు ఫైలు నడిపి, ఒకే పెట్టెలో రెండు వస్తువులు వేసి, రెండూ కనిపిస్తున్నాయో లేదో చూస్తాను. మొదట్లో ఇది విసుగనిపించేది. ప్రోగ్రాం కూడా మారింది. భద్రం ఇప్పుడు పాత ఫైలు మీద రాయదు. తేదీ వేసి, ఏ పెట్టెలో ఏం చేరింది, ఏం తీశాం అని ఒక్కో వాక్యం చివర కలుపుతుంది. లెక్క కావాలంటే మొదటినుంచి అన్నీ చదువుకుని తయారుచేస్తుంది. ఆ రాత్రి ఇలా ఉండి ఉంటే, జాబితా తప్పు చూపినా నెబ్యులైజర్ పద్నాలుగులో వేశామన్న వాక్యం పైన ఎక్కడో కనిపించేది.

ఒక చిన్న ముచ్చట చెప్పి ముగిస్తాను. ఊళ్ళ పేర్లతో ఒక్కో లెక్క ఉంచుదామని భన్‌పురి అని పేరు పెట్టబోతే పైథాన్ ఒప్పుకోలేదు. కనిపించని అక్షరం ఒకటి ఉంది, అది చెల్లదు అంది. ఎంత చూసినా నాకేమీ కనిపించలేదు. న్‌కీ పకీ మధ్య అవి కలిసిపోకుండా కీబోర్డు ఒక ఖాళీ గుర్తు వేస్తుందట. అదే దానికి అడ్డం. నాగ్‌పూర్, రాయ్‌పూర్ కూడా అంతే. విశాఖపట్నం, సికింద్రాబాద్, భువనేశ్వర్ మాత్రం పేచీ లేకుండా పనిచేశాయి. ఇంకేం చేస్తాను, భన్‌పురి లెక్కకు ఇల్లు5 అని పేరు పెట్టాను.

వానలు పడ్డాక దుమ్ము తగ్గింది. తమ్ముడు కింది వాటా అన్నయ్యతో క్రికెట్ ఆడుతున్నాడు. ఓనరు ఆంటీ అమ్మకు చీలా వేయడం నేర్పారు, అమ్మ ఆవిడకు గోంగూర పచ్చడి ఇచ్చింది. క్వార్టర్ వస్తుందని నాన్నగారు అంటున్నారు, ఎప్పుడో తెలియదు. అమ్మ లెక్కల పుస్తకంలో కొత్త పేజీ తెరిచింది. పైన 1 అని రాసి, కింద మొదటి మాటగా నెబ్యులైజర్ అని రాసింది. నా ఫైల్లోనూ మొదటి వాక్యం అదే. పెట్టె మాత్రం ఈసారి కొంచెం పెద్దది చూసి మంచం కింద దాచింది.